14 ఏళ్లకు గేమ్, 18 ఏళ్లకు పత్తి స్లాట్: ఫోన్ అదే, పనే మారిపోతుంది

జూన్ నెల వచ్చిందంటే నా వాట్సాప్ నిండా ఒకటే ప్రశ్న. "అన్నా, 15 వేల లోపు స్టూడెంట్‌కి మంచి ఫోన్ చెప్పు." పంపేది ఆదోని నుంచి ఇంటర్ చదివే పిల్లోడు కావచ్చు, తమ్ముడికి ఫోన్ కొనాలనుకుంటున్న ఎమ్మిగనూరు అక్క కావచ్చు. నాదీ ఈ వైపే కాబట్టి కాల్ చేసి మరీ అడుగుతారు. నేను వెంటనే మోడల్ పేరు చెప్పను. ముందు "దేనికి?" అని అడుగుతాను. అందరి దగ్గరా సమాధానం రెడీగా ఉంటుంది: గేమింగ్‌కి, కెమెరాకి, ఆన్‌లైన్ క్లాసులకి. తర్వాత "రెండేళ్లు పోయాక దేనికి?" అని అడుగుతాను. దీనికి మాత్రం ఎవరూ వెంటనే జవాబు చెప్పలేరు.

ఈరోజు ఆ రెండో ప్రశ్న గురించే మాట్లాడుకుందాం.

మన ఇళ్లల్లో ఒక ఫోన్ కొంటే తక్కువలో తక్కువ మూడు నాలుగేళ్లు వాడతాం. టీనేజ్‌లో మూడు నాలుగేళ్లంటే చిన్న విషయం కాదు. 14 ఏళ్లప్పుడు ఫోన్ ఎందుకు కావాలనుకున్నారో 16 వచ్చేసరికి ఆ కారణం పాతబడిపోతుంది. 18కి ఇంకొకటి ముందుకొస్తుంది. కానీ ఇంట్లో పెద్దవాళ్ల లెక్క మొదటి కారణం దగ్గరే ఆగిపోతుంది. "ఏంటికిరా నీకు ఫోను, గేములాడేకా?" అనే మాట పిల్లోడు డిగ్రీకి వచ్చినా మారదు. మరోవైపు "స్టూడెంట్లకు బెస్ట్ ఫోన్లు" అని వచ్చే లిస్టులు చూడండి. అక్కడా ప్రాసెసర్ స్కోర్, ఫ్రేమ్ రేట్ మీదే ధ్యాస. అంటే పెద్దవాళ్లకూ, స్పెక్ షీట్లకూ టీనేజర్ ఎప్పటికీ 14 ఏళ్ల పిల్లోడే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఫోన్ కొనేటప్పుడైనా, చేతిలోంచి లాక్కునేటప్పుడైనా మొదటి రోజు కారణాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకుంటున్నాం. దానివల్ల డబ్బు వృథా అవుతోంది. కొందరు పిల్లల చదువుకే దెబ్బ తగులుతోంది.

పాటల పెట్టె నుంచి బడి దాకా

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆదోనిలో ఫోన్ అంటే పాటల పెట్టె. సెల్ షాపుకి పోతే మెమరీ కార్డు నిండా పాటలు, ఒకట్రెండు సినిమాలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. 1 జీబీ డేటా ప్యాక్ వేయించుకుంటే నెలంతా పొదుపుగా లాగాల్సిందే. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలయ్యాక అదంతా తలకిందులైంది. పాటలు ఎక్కించే షాపులు టెంపర్డ్ గ్లాసులు అతికించే షాపులయ్యాయి.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. అప్పటిదాకా "ఫోన్ పక్కన పెట్టి చదువుకోరా" అన్న నాయనే "ఫోన్ తీసి చదువుకోరా" అనాల్సి వచ్చింది. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు, వాట్సాప్ గ్రూపుల్లో హోంవర్కులు. అదే ఏడాది జూన్ 29న టిక్‌టాక్, సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్ బ్యాన్ అయ్యాయి. టిక్‌టాక్ పోయిన కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది. 2021 జూలైలో బీజీఎంఐ వచ్చింది, ఏడాదికి స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో మళ్లీ వచ్చింది. మధ్యలో 2022 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు బైజూస్ పాఠాలతో 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది.

ఇప్పుడు 2009లో పుట్టిన ఒక పిల్లోడిని ఊహించుకోండి. 11 ఏళ్లకు అతనికి ఫోన్ అంటే బడి. 12 ఏళ్లకు బీజీఎంఐ. 13 ఏళ్లకు ప్రభుత్వమే చేతిలో ట్యాబ్ పెట్టింది. 16 ఏళ్లకు ఇంటర్ ఫస్ట్ ఇయర్, కాలేజీ గ్రూపు, సబ్జెక్ట్ పీడీఎఫ్‌లు. ఇందులో ఏ కారణమూ అతను ఒక్కడే కూర్చుని ఎంచుకున్నది కాదు. సగం వయసు తెచ్చింది, సగం కాలం తెచ్చింది. కాబట్టి "ఈ పిల్లలకు ఫోన్ పిచ్చి" అని ఒక్క మాటతో తేల్చేస్తే అసలు విషయం తెలియదు.

1970ల్లోనే ఎలిహు కాట్జ్, జే బ్లమ్లర్ లాంటి కమ్యూనికేషన్ పరిశోధకులు ఇలాంటి మాటే చెప్పారు. టీవీ, పేపర్ మనుషుల్ని ఏం చేస్తున్నాయో అడిగితే సరిపోదు, మనుషులు ఏ అవసరం తీర్చుకోవడానికి వాటి దగ్గరికి పోతున్నారో కూడా అడగాలని. అప్పుడు టీవీకి వర్తించిన మాట ఇప్పుడు మన జేబులో ఉన్న ఫోన్‌కి ఇంకా బాగా వర్తిస్తుంది.

14, 16, 18: మూడు వయసులు, మూడు అవసరాలు

ఈ రెండు ఊళ్లలో నేను చూస్తున్నది చెప్తాను. ప్రతి పిల్లోడికీ ఇదే వరసలో జరుగుతుందని కాదు, కానీ ఎక్కువ మందిలో కనిపించే దారి ఇది.

13, 14 ఏళ్లప్పుడు గేమ్. సొంత ఫోన్ ఉండదు, నాయన పని నుంచి వచ్చాక దొరికే గంటే వాళ్ల టైమ్. ఆ వయసులో గేమ్ అంటే గెలవడం కన్నా "నేనూ ఆడుతున్నా" అని క్లాసులో చెప్పుకోవడం ముఖ్యం. ఫ్రేమ్ రేట్ 60 ఉందా 90 ఉందా అని ఆ గంటలో ఎవరూ కొలవరు.

15 వచ్చేసరికి గేమ్ మెల్లగా వెనక్కి పోతుంది, ఫ్రెండ్స్ గ్రూపు ముందుకొస్తుంది. ఆదోనిలో ఒకే గ్రూపులో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ కలిసి నడుస్తాయి. టైపింగ్ కన్నా వాయిస్ నోట్లే ఎక్కువ. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర వచ్చిందంటే ప్రతి ఒక్కరి ఫోన్‌లో రథం వీడియో ఉండాల్సిందే. ఇక్కడ కారణం కెమెరా కాదు, "నేనూ అక్కడ ఉన్నా" అన్న గుర్తు.

16, 17లో సీన్ మారుతుంది. కాలేజీ అడ్మిషన్, స్కాలర్‌షిప్, ఈఏపీసెట్ అప్లికేషన్, వెబ్ ఆప్షన్లు... ఏది చేయాలన్నా ఓటీపీ కావాలి. 2025 ఏప్రిల్‌లో ఇంటర్ రిజల్ట్స్ ప్రభుత్వం తెచ్చిన 'మన మిత్ర' ద్వారా వాట్సాప్‌లోనే చూసుకున్నారు పిల్లలు. ఫోన్ లేకపోతే ఎవరో ఒకరి ఫోన్ అడుక్కోవాలి. ఈ వయసులో ఫోన్ అంటే ఒక రకంగా ఐడీ కార్డు.

18 దగ్గరికొచ్చేసరికి ఫోన్ ఇంటి పనిలోకి దిగుతుంది. ఆదోని అంటే పత్తి మార్కెట్ అని మీకు తెలుసు. 2025-26 సీజన్‌లో కాటన్ కార్పొరేషన్‌కు మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే 'కపాస్ కిసాన్' యాప్‌లో రిజిస్టర్ అయి, స్లాట్ బుక్ చేసుకోవాలి. పొడవు పింజ పత్తికి ఆ సీజన్ మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. చదువు రాని రైతు ఇంట్లో ఆ స్లాట్ బుక్ చేసేది ఎవరు? కొడుకో, కూతురో. మూడేళ్ల కింద "గేములాడేకా?" అని తిట్లు తిన్న ఫోనే ఇప్పుడు నాయన పత్తి అమ్మిపెడుతోంది.

ఎమ్మిగనూరులో ఇదే సంగతి మగ్గం మీద కనిపిస్తుంది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టినప్పటి నుంచి ఆ ఊరికి నేత పేరే పేరు. ఇప్పుడు మగ్గం ఉన్న ఇంట్లో చీర ఫోటో తీసి వాట్సాప్‌లో పంపే పని టీనేజ్ పిల్లలదే. జాతర రథాన్ని తీసిన కెమెరానే ఇప్పుడు చీర అంచుని తీస్తోంది.

దేశం మొత్తం మీద లెక్కలు కూడా ఇలాంటి కథే చెప్తున్నాయి. ప్రథమ్ సంస్థ పల్లెల్లో చేసే అసర్ సర్వే, 2024 రిపోర్ట్ చూడండి. 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అలా వచ్చినవాళ్లలో అంతకు ముందు వారంలో 57 శాతం మంది చదువుకు సంబంధించిన పనికి ఫోన్ వాడారు, 76 శాతం మంది సోషల్ మీడియాకు వాడారు. ఈ రెండూ కూడితే 100 దాటుతుంది. అంటే ఒకే పిల్లోడు, ఒకే వారంలో, ఒకే ఫోన్‌లో రెండూ చేస్తున్నాడు. "చదువుకా, ఆటకా?" అని ఒకటే జవాబు అడిగితే ఎవరైనా అబద్ధమే చెప్పాల్సి వస్తుంది.

సుగ్గి కాలంలో ఫోన్

సిటీలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట పరిచయం చేయాలి. సుగ్గి. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం. మా వైపు ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది: పని కోసం ఊరు విడిచి పోవడం. ఇక్కడ పంట పని అయిపోయాక కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల నుంచి కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, హైదరాబాద్, బెంగళూరు బిల్డింగ్ పనులకు పోతాయి. నెలల తరబడి ఇంటికి తాళం. లేదంటే ఇంట్లో అవ్వ, చదువుకునే పిల్లలు. ఇలాంటి పిల్లల కోసమే ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడపాల్సి వచ్చిందంటే ఎంత మంది పోతారో అర్థం చేసుకోండి.

ఆ ఇంట్లో 15 ఏళ్ల పిల్లకో పిల్లోడికో ఫోన్ ఏ కారణానికి ఉంటుంది? రాత్రి ఎనిమిదికి అమ్మ కాల్ చేస్తుంది. "అవ్వ మాత్ర ఏసుకునిందా? తమ్ముడు బడికి పోయినాడా?" వారానికోసారి నాయన ఫోన్‌పే కొడతాడు. దాంట్లోంచి సరుకులు, కరెంటు బిల్లు, అవ్వ మందులు. రీచార్జ్ నెలకోసారి అంటాం గానీ ప్యాక్ 28 రోజులే, ఇక్కడొకటి, అక్కడొకటి. 15 ఏళ్లకే ఆ పిల్ల ఇంటి మేనేజర్.

అయితే అదే పిల్ల రాత్రి పదికి రీల్స్ కూడా చూస్తుంది. ఎందుకు చూడదు? వయసు 15. పగలంతా పెద్దదానిలా ఉండాల్సి వచ్చిన పిల్ల రాత్రి ఒక గంట చిన్నపిల్లలా ఉంటుంది. స్క్రీన్ టైమ్ గ్రాఫ్‌లో ఈ రెండూ ఒకే రంగు గీతలా కనిపిస్తాయి, నాలుగు గంటలు అని చూపిస్తుంది. ఆ నాలుగు గంటల్లో ఏ గంట దేనికో తెలియకుండా మార్కులు వేయకండి.

ఇంకో సమస్య కూడా ఉంది, గ్యాడ్జెట్ రివ్యూల్లో ఎవరూ మాట్లాడనిది. పని కోసం ఊళ్లు మారేవాళ్ల నంబర్లు మారుతూ ఉంటాయి. ఒక సిమ్‌ని 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ దాన్ని డీయాక్టివేట్ చేయొచ్చు. పిల్లోడి ఆధార్‌కు, స్కాలర్‌షిప్‌కు లింక్ అయిన నంబర్ అదే అయితే ఓటీపీ ఎక్కడికి పోతుందో ఊహించండి. 20 వేల ఫోన్ చేతిలో ఉన్నా అప్లికేషన్ ఆగిపోతుంది.

అమ్మాయి చేతిలో ఫోన్

నాకు ఎక్కువ కోపం వచ్చే విషయం ఇది.

అబ్బాయికి ఫోన్ కారణం మారితే ఇంట్లోవాళ్లు ఆలస్యంగానైనా ఒప్పుకుంటారు. "సరేలే, కాలేజీకి పోతాండాడు" అంటారు. అమ్మాయి విషయంలో దారి తలకిందులు. 13 ఏళ్లప్పుడు నాయన ఫోన్ ఎంతసేపు వాడినా ఎవరూ పట్టించుకోరు. 16 వచ్చి, ఇంటర్‌లో చేరి, ఫోన్ అవసరం నిజంగా మొదలయ్యే టైమ్‌లో అనుమానం మొదలవుతుంది. "ఎవరితో మాట్లాడతాంది?" అంటారు. ఎక్కడో ఎవరికో ఏదో జరిగిందని విన్న మరుసటి రోజు ఫోన్ అటక మీదికి పోతుంది. ఆ తర్వాత కాలేజీ గ్రూపులో వచ్చిన టైమ్‌టేబుల్, నోట్స్, ఫీజు గడువు ఏవీ ఆ పిల్లకు తెలియవు. ఫోన్ పోయాక కాలేజీ, కాలేజీ పోయాక పెళ్లి మాటలు. మా వైపు బాల్య వివాహాలు ఇంకా పూర్తిగా ఆగలేదు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోలేను.

అసర్ 2024 లెక్కే మళ్లీ చూడండి. ఫోన్ వాడటం వచ్చిన 14-16 ఏళ్ల వాళ్లలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 36 శాతం పైన, అమ్మాయిలు 27 శాతం దగ్గర. మొత్తం మీద వయసు పెరిగేకొద్దీ సొంత ఫోన్ ఉన్నవాళ్లు పెరుగుతారు: 14 ఏళ్లకు 27 శాతం, 16 ఏళ్లకు 38 శాతం దగ్గర. ఆ పెరుగుదలలో అమ్మాయి వాటా ఎందుకు తక్కువో కారణం వెతకడానికి పెద్ద రీసెర్చ్ అక్కర్లేదు. మీ వీధిలో నాలుగు ఇళ్లు చూడండి చాలు.

ఇది చదివే అబ్బాయిలకు ఒక మాట. మీ చెల్లికి ఫోన్ వద్దని ఇంట్లో అంటున్నప్పుడు మీరు గమ్మునుండకండి. ఇంట్లో టెక్నాలజీ గురించి మీ మాట వింటారు. "దాని ఈఏపీసెట్ ఓటీపీ నా ఫోన్‌కి వస్తే నేను కాలేజీలో ఉన్నప్పుడు ఎట్లా?" అని అడగండి. ప్రాక్టికల్ ప్రశ్నకు పెద్దవాళ్లు దిగొస్తారు. ఫెమినిజం మీద లెక్చర్ కన్నా ఈ ఒక్క ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది.

మరి రాత్రి రెండింటి దాకా రీల్స్ సంగతి?

ఇంతా చదివాక ఎవరైనా అడుగుతారు: "అయితే ఫోన్ మంచిదే అంటావా?" అలా అనట్లేదు. కారణాలు మారతాయి అన్నాను, ఎప్పుడూ మంచి వైపే మారతాయి అనలేదు. చదువు కోసం కొన్న ఫోన్ బెట్టింగ్ వైపు పోయిన సందర్భాలు మనకు తెలుసు. అందుకే ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ లాంటి వాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంట్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఆస్ట్రేలియా అయితే 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా అకౌంట్లే ఆపేసింది.

నా దృష్టిలో అసలు ప్రమాదం ఏ ఒక్క యాప్‌లోనూ లేదు. కారణం అయిపోయాక కూడా చేయి ఫోన్ మీదికి పోతుంది చూడండి, అక్కడుంది. టైమ్ చూద్దామని ఫోన్ తీస్తాం. 20 నిమిషాల తర్వాత పక్కన పెడతాం. టైమ్ ఎంతో మళ్లీ గుర్తుండదు. గేమ్ ఆడే 14 ఏళ్ల పిల్లోడికి కనీసం తను ఏం చేస్తున్నాడో తెలుసు. దేనికి తీశాడో తెలియకుండా స్క్రోల్ చేసే 19 ఏళ్ల కుర్రాడి పరిస్థితి అంతకన్నా కష్టం. అందుకే "ఎన్ని గంటలు?" కన్నా "దేనికి తీశావు?" అన్నది మంచి ప్రశ్న. మీ ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి, గంటల లెక్క వదిలేసి, "అన్‌లాక్‌లు" అన్న నంబర్ చూడండి. నిన్న ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారో, అందులో ఎన్నింటికి కారణం గుర్తుందో మీకు మీరే చెప్పుకోండి.

అయితే ఏం చూసి కొనాలి?

సరే, ఇప్పుడు మన సబ్జెక్ట్‌కి వద్దాం. మూడో ఏడాది కారణాన్ని ముందే లెక్కలో పెట్టుకుని కొంటే స్పెక్ షీట్ చదివే పద్ధతే మారుతుంది.

స్టోరేజ్: 64 జీబీ వైపు చూడకండి. కనీసం 128. మొదటి ఏడాది గేమ్ కోసం, మూడో ఏడాది పీడీఎఫ్‌లు, ఇంటిల్లిపాది వాట్సాప్ ఫోటోల కోసం. స్టోరేజ్ టైప్ ఈఎంఎంసీ అని ఉంటే నిండేకొద్దీ ఫోన్ నత్తలా నడుస్తుంది. అదే ధరలో యూఎఫ్ఎస్ ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

అప్‌డేట్లు: బ్యాంక్, యూపీఐ యాప్‌లు పెట్టబోయే ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్ ఎన్నేళ్లు వస్తుందన్నది ప్రాసెసర్ కన్నా ముఖ్యం. 2024 అక్టోబర్‌లో వచ్చిన సామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నారు. బడ్జెట్ ఫోన్‌లోనూ ఇది సాధ్యమే అని అర్థమైంది కదా. రెండేళ్లతో సరిపెట్టే బ్రాండ్లను మనం ఎందుకు ఊరికే వదిలేయాలి?

బ్యాటరీ, రిపేర్: 5000 ఎంఏహెచ్ అన్నది మొదటి రోజు లెక్క. మూడో ఏడాది ఎంత మిగులుతుందో చూడాలి. యూరప్‌లో 2025 జూన్ నుంచి కొత్త రూల్ వచ్చింది: 800 సార్లు చార్జ్ చేశాక కూడా బ్యాటరీలో 80 శాతం కెపాసిటీ మిగలాలి. కొన్ని బ్రాండ్లు ఈ లెక్కను స్పెక్ షీట్‌లోనే ఇస్తాయి, వెతకండి. సర్వీస్ సెంటర్ మీ ఊర్లో ఉందా, కర్నూలుకే పోవాలా అన్నది కొనకముందే కనుక్కోండి. పోయి రావడానికి ఒక రోజు కూలి పోతుంది.

కెమెరా: చీర అమ్మేవాళ్లకు మెగాపిక్సెల్ కన్నా రంగు ముఖ్యం. చాలా ఫోన్లు ఎరుపుని ఇంకా ఎర్రగా చూపిస్తాయి. ఫోటోలో ఒక రంగు, పార్సిల్‌లో ఇంకో రంగు కనిపిస్తే కస్టమర్ చీర వెనక్కి పంపిస్తారు. షాపులో డెమో ఫోన్‌తో మీ చొక్కానే ఫోటో తీసి, పక్కన పెట్టి చూడండి. డిస్‌ప్లే సెట్టింగ్‌లో నేచురల్ మోడ్ పెట్టి మరీ చూడండి.

వేడి, దుమ్ము: చుట్టూ ఎండ 35 డిగ్రీల లోపు ఉన్నప్పుడే వాడమని ఆపిల్ తన ఐఫోన్లకు చెబుతుంది. మా వైపు ఏప్రిల్‌లో 40 దాటడం మామూలే. ఏసీ రూములో చేసిన బెంచ్‌మార్క్ ఇక్కడ పెద్దగా పనికిరాదు. జిన్నింగ్ మిల్లు దగ్గరో మగ్గం దగ్గరో ఉండే ఫోన్ అయితే చార్జింగ్ పోర్టులో దూది పోగులు చేరతాయి. దుమ్ము నుంచి రక్షణ ఉందా, స్పీకర్ గట్టిగా వినిపిస్తుందా చూసుకోండి. అవ్వకి కాల్ వినిపించాలి కదా.

ఇంట్లో మీరే టెక్ సపోర్ట్ అయితే

ఈ సైట్ చదివేవాళ్లలో చాలామంది ఇంట్లో "ఫోన్ సంగతి వాడికే తెలుసు" అనిపించుకున్నవాళ్లే. అందుకే ఈ నాలుగు పనులు మీకే చెప్తున్నా.

ఒకటి, ఏడాదికోసారి, కాలేజీలు తెరిచే జూన్‌లో, తమ్ముడినో చెల్లినో కూర్చోబెట్టి "ఈ ఏడాది నీకు ఫోన్ దేనికి?" అని అడగండి. పోలీసులా కాదు, అన్నలా. సమాధానం మారితే యాప్‌లు, నోటిఫికేషన్లు ఇద్దరూ కలిసి మార్చండి. వాడని గేమ్ తీసేస్తే కొన్ని జీబీలు కూడా ఖాళీ అవుతాయి.

రెండు, ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటే ప్రైవేట్ స్పేస్ లాంటి ఫీచర్ వాడండి. ఆండ్రాయిడ్ 15 నుంచి ఇది సిస్టమ్‌లోనే ఉంది, కొన్ని బ్రాండ్లు అంతకు ముందు నుంచే సొంత పేర్లతో ఇస్తున్నాయి. నాయన బ్యాంక్ యాప్, చెల్లి నోట్స్ కలిసిపోకుండా ఉంటాయి.

మూడు, అమ్మానాన్న సుగ్గికి పోయినప్పుడు పిన్ నంబర్ పిల్లలకు చెప్పి పోతుంటారు. దానికన్నా 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ మేలు. నాయన అకౌంట్ నుంచే పిల్లలు ఖర్చు పెట్టొచ్చు, నెలకు 15 వేల దాకా లిమిట్ నాయన పెట్టొచ్చు, పిన్ మాత్రం నాయన దగ్గరే ఉంటుంది.

నాలుగు, ఆధార్‌కు ఏ నంబర్ లింక్ అయిందో, ఆ సిమ్ బతికే ఉందో లేదో ఈరోజే చూడండి. రిజల్ట్స్ వచ్చాక కాదు, ఇప్పుడే.

15 వేలు అంటే మా వైపు కొన్ని ఇళ్లకు మిరప కోతల్లో నడుం వంచి సంపాదించిన డబ్బు. ఆ డబ్బుతో వచ్చిన ఫోన్ మొదటి ఏడాది గేమ్ ఆడినా ఫర్వాలేదు, నాలుగో ఏడాది పత్తి స్లాట్ బుక్ చేసేదాకా బతకాలి. దాన్ని పట్టుకున్న పిల్లోడినో పిల్లనో కూడా 14 ఏళ్ల వయసులో చూసినట్టే ఎప్పటికీ చూడకూడదు. ఈసారి ఎవరైనా మిమ్మల్ని "ఏ ఫోన్ తీసుకోవాలి?" అని అడిగితే మోడల్ పేరు తర్వాత చెప్పొచ్చు, ముందు ఆ రెండు ప్రశ్నలూ అడగండి: ఇప్పుడు దేనికి, రెండేళ్లు పోయాక దేనికి? చెల్లి కోసం అడిగితే మాత్రం మూడో మాట కూడా కలపండి: "కొన్నాక మళ్లీ లాక్కోకండి."